పాత వంతెన, కొత్త వంతెన: గోదావరి రైలుదారి నేర్పే పాఠం

కోల్‌కతా నగరానికి తూర్పున, ఒకప్పటి పంటపొలాలున్న చోట, గత శతాబ్ది చివరి సంవత్సరాలలో రూపుదిద్దుకొనడం ఆరంభించిన ఉపనగరం న్యూ టౌన్. అక్కడి విశాలమైన వీధుల నడుమ వరుసగా నిలిచిన కాంక్రీటు స్తంభాలు చూపరులను ఆకర్షిస్తాయి. న్యూ గడియా నుండి విమానాశ్రయం వరకు ఉద్దేశింపబడిన మెట్రో రైలు మార్గానికి అవి ఆధారాలు. నేలను విడిచి, కాళ్ళపై నిలిచిన రైలుదారి అది. ఆ ఉపనగరపు కార్యాలయాలలో పనిచేసే తెలుగువారు పండుగకు స్వస్థలం చేరాలంటే హౌరాలో రైలెక్కుతారు. రూపనారాయణ, సువర్ణరేఖ, మహానది, వంశధార, నాగావళి ఒకటొకటిగా వెనుకబడతాయి. చివరకు గోదావరి వస్తుంది. పెట్టెలోని వారంతా కిటికీల వద్దకు చేరుతారు. పెద్దలు నీటిలో నాణెం విసిరి చేతులు జోడిస్తారు.

ఆ క్షణంలో నదిపై మరొక వంతెన కూడా కంటబడుతుంది. రాతి స్తంభాలపై ఇనుప దూలాలు ఈ ఒడ్డు నుండి ఆ ఒడ్డు వరకు చెక్కు చెదరకుండా ఉన్నట్లే కనిపిస్తాయి. కాని దానిపై రైళ్ళు నడవవు. 1997లో విశ్రాంతి పొందిన హేవ్‌లాక్ వంతెన అది. దానిని ఎందుకు విడిచిపెట్టవలసి వచ్చింది? దాని స్థానంలో వచ్చినదేమిటి? ఇకపై దానిని ఏమి చేయాలి? ఈ మూడు ప్రశ్నలకు సమాధానం వెదకితే, వంతెనల పునర్నిర్మాణమనే శాస్త్రంలోని ముఖ్యమైన సూత్రం ఒకటి బోధపడుతుంది. పాత కట్టడంలో దేనిని నమ్మవచ్చును, దేనిని నమ్మరాదు అని తేల్చుకొనడమే పునర్నిర్మాణంలో మొదటి పని.

రెండు తీరాలను కలిపిన సంవత్సరం

1893, 1896 సంవత్సరాల మధ్య బెజవాడ నుండి కటకం వరకు తూర్పు తీరపు రైలుమార్గం నిర్మింపబడింది. మార్గం ఏర్పడినా గోదావరి వద్ద అది తెగిపోయే ఉన్నది. ఒక ఒడ్డున దిగిన ప్రయాణికులు, సరకులు నదిని పడవలపై దాటి, ఆవలి ఒడ్డున మరల రైలు అందుకోవలసి వచ్చేది. రాజమహేంద్రవరం, కొవ్వూరుల మధ్య నది వెడల్పు సుమారు మూడు కిలోమీటర్లు. ధవళేశ్వరం ఆనకట్టకు ఎగువన గల ఈ భాగంలో వరద కాలంలో నది ఉద్ధృతి వర్ణనాతీతం. వేసవిలో ఇసుక తిన్నెలు, ఆషాఢం దాటగానే ఎర్రని వరద నీరు: ఇదీ గోదావరి స్వభావం.

1897 నవంబరు 11న ఇచ్చట వంతెన నిర్మాణం ఆరంభమైంది. దీనికి నేతృత్వం వహించిన ఇంజనీరు గ్రాన్‌విల్ వాల్టన్ అంతకుముందే కాశీలో గంగపై డఫరిన్ వంతెన నిర్మాణాన్ని నిర్వహించిన అనుభవజ్ఞుడు. ఒక స్తంభం నుండి తరువాతి స్తంభం వరకు గల భాగాన్ని స్పాన్ అంటారు. ఈ వంతెనలో ఒక్కొక్కటి 150 అడుగుల, అనగా 45.7 మీటర్ల పొడవు గల స్పాన్లు 56 ఉన్నవి. 1900 ఆగస్టు 30న వంతెన ప్రారంభింపబడింది. నాటి మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హేవ్‌లాక్ పేరు దీనికి పెట్టారు. అదే సంవత్సరం ఏప్రిల్‌లో బెంగాలులోని కోలాఘాట్ వద్ద రూపనారాయణ నదిపై వంతెన సిద్ధమైంది. ఈ విధంగా ఒకే సంవత్సరంలో, ఒకటి వంగభూమిలోను మరొకటి ఆంధ్రదేశంలోను, రెండు వంతెనలు పూర్తికావడం వలన కలకత్తా, మద్రాసు నగరాల మధ్య తూర్పు తీరం వెంట నేరుగా రైలు నడిచే అవకాశం కలిగింది.

ఇసుకమేట వేసే నదిలో స్తంభాన్ని నిలబెట్టడం సులభమైన పని కాదు. దీనికై బావి పునాదులనే పద్ధతిని అనుసరిస్తారు. పదునైన అంచు గల ఇనుప చట్రంపై గుండ్రని గోడ కడతారు. లోపలి ఇసుకను తవ్వి బయటకు తీసేకొద్దీ ఆ గోడ తన బరువుతో తానే క్రిందికి దిగుతుంది. అది దిగేకొద్దీ పైన మరికొంత కడతారు. వరద ఎంత లోతుగా ఇసుకను కోసివేసినా చలించని నేల అందే వరకు ఈ పని సాగుతుంది. ఆ పిదప లోపలి భాగాన్ని పూడ్చి, దానిపై స్తంభం లేపుతారు. మన ఊళ్ళలో బావికి వరలు దించే పనిని చూచినవారికి ఈ పద్ధతి కొత్తగా తోచదు. వంతెనను చూచేవారికి ఈ పునాది కనబడదు. అయినా వంతెన ఆయుర్దాయం చాలవరకు దానిపైననే ఆధారపడి ఉంటుంది.

వంతెనకు వార్ధక్యం ఎట్లా వస్తుంది?

ఇనుప వంతెనలు పలు రకాలు. పొడవైన దూలాలను స్తంభాలపై పరచినది గర్డరు వంతెన. కడ్డీలను త్రిభుజాకారంగా కూర్చి దూలానికి బలం చేకూర్చినది ట్రస్ వంతెన. లోతైన లోయలలో రాతి స్తంభాలకు బదులు, నిచ్చెనల వలె అడ్డకమ్మీలతో బిగించిన ఎత్తైన చట్రాలను దగ్గర దగ్గరగా నిలిపి, వాటిపై పట్టాలు వేస్తే దానిని ట్రెసిల్ వంతెన అంటారు. రూపం ఏదైనా వృద్ధాప్య లక్షణాలు ఒక్కటే.

మొదటిది తుప్పు. రంగు పొర లేచిన చోట, నీరు నిలిచే మూలలలో, రేకుల సందులలో ఇనుము క్రమంగా క్షీణిస్తుంది. రెండవది లోహపు అలసట. ఒక తీగను పలుమార్లు అటూ ఇటూ వంచితే తుదకు తెగిపోవడం మనకు తెలిసినదే. రైలు వచ్చినప్పుడెల్లా వంతెన కొద్దిగా వంగి, వెళ్ళిన తరువాత మరల లేస్తుంది. లక్షలాది పర్యాయాలు ఇట్లా జరిగినప్పుడు రివెట్ల వద్ద సన్నని చీలికలు ఏర్పడవచ్చును. మూడవది నదీప్రవాహపు కోత. స్తంభం మొదట్లో సుడి తిరిగే నీరు ఇసుకను తొలుచుకొని పోతుంది. నాల్గవది బరువు. వంతెన కట్టిన నాటి ఇంజన్లు, పెట్టెలు వేరు, నేటివి వేరు. కట్టడం చెడకపోయినా దానిపై మోపే భారం పెరిగితే అది చాలనిదవుతుంది.

ఈ లక్షణాలను ఉపేక్షిస్తే ఏమి జరుగుతుందో తెలుగునేలకు బాగా తెలుసు. 1954 సెప్టెంబరులో జనగామ సమీపాన, 1956 సెప్టెంబరు 2న మహబూబ్‌నగర్, జడ్చర్లల మధ్య, వాగులపై గల వంతెనలు వరద ధాటికి దెబ్బతిని రైళ్ళు కూలిపోయాయి. ఒక్కొక్క ప్రమాదంలో వందమందికి పైగా మరణించారు. మహబూబ్‌నగర్ దుర్ఘటన తరువాత నాటి రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా సమర్పించగా ప్రధాని నెహ్రూ అంగీకరించలేదు. అదే సంవత్సరం నవంబరులో తమిళదేశంలోని అరియలూరు వద్ద మరొక ఘోర ప్రమాదం సంభవించిన మీదట శాస్త్రిగారు పదవిని విడిచిపెట్టారు. 2005 అక్టోబరు 29న వలిగొండ సమీపాన, చెరువు తెగి వచ్చిన నీరు చిన్న వంతెనను కోసివేసినందున డెల్టా పాసింజరు పట్టాలు తప్పి వందమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. పెద్ద నదిపై వంతెన అందరికీ కనబడుతుంది. చిన్న వాగుపై కల్వర్టు కూడా అంతే శ్రద్ధను కోరుతుంది.

కూల్చకుండా కట్టడం

నడుస్తున్న రైలుమార్గంపై వంతెనను పునర్నిర్మించడంలో ఒక చిక్కు ఉన్నది. పాతదానిని తొలగించనిదే అదే చోట కొత్తది కట్టడం కుదరదు. తొలగిస్తే దారి ఆగిపోతుంది. ఉత్తర, దక్షిణాల మధ్య ప్రధాన మార్గాన్ని సంవత్సరాల తరబడి ఆపడం ఊహింపరానిది. అందువలన పాతదానికి ప్రక్కనే, వేరు పునాదులపై కొత్త వంతెన కట్టి, రాకపోకలను దానిపైకి మళ్ళించి, ఆ పిదప పాతదానికి విశ్రాంతి ఇవ్వడం ఆచారమైంది. కలకత్తాలో 1874 నాటి పడవల వంతెన పనిచేస్తూ ఉండగానే దాని ప్రక్కన హౌరా వంతెన లేచి 1943లో ప్రారంభమైంది. హుగ్లీ నదిపై నైహాటి, బండేల్‌ల మధ్య 1887లో ప్రారంభమైన జూబిలీ వంతెన 2016 వరకు రైళ్ళను మోసింది. దాని ప్రక్కన కట్టిన కొత్త వంతెనకు సంప్రీతి అని పేరు పెట్టారు. ఆ మాట వంగభాషలోను మన భాషలోను ఒక్కటే.

గోదావరిపైన ఈ పని రెండు దశలలో జరిగింది. మొదటిది 1974లో ప్రారంభమైన రోడ్డు, రైలు వంతెన. దిగువ అంతస్తున రైలుమార్గం, పై అంతస్తున రహదారి గల ఈ ఉక్కు కట్టడంలో 91.5 మీటర్ల స్పాన్లు 27, 45.72 మీటర్ల స్పాన్లు 7 ఉన్నవి. అంతవరకు పంటుపై నది దాటుతూ వచ్చిన బస్సులకు, లారీలకు కూడా దీనివలన దారి లభించింది. ఉభయ గోదావరి జిల్లాల ప్రజల దైనందిన జీవితంలో ఇది తెచ్చిన మార్పు సామాన్యమైనది కాదు. హేవ్‌లాక్ వంతెనకు ఒక తోడు దొరికింది, కాని దాని సేవ ముగియలేదు.

రెండవ దశ 1991లో మొదలై 1997లో ఫలించింది. ఈసారి ఉక్కుకు బదులు కాంక్రీటును ఎన్నుకొన్నారు. 97.55 మీటర్ల పొడవు గల 28 స్పాన్లు, ఒక్కొక్క స్పానుపై జంట కమానులు గల ఈ వంతెనను హిందుస్థాన్ కన్‌స్ట్రక్షన్ కంపెనీ నిర్మించింది. పాత వంతెన 56 స్పాన్లతో దాటిన నదిని ఇది అందులో సగంతో దాటింది. స్పాను పొడవు పెరిగితే స్తంభాల సంఖ్య తగ్గుతుంది, ప్రవాహానికి అడ్డంకి కూడా తగ్గుతుంది.

ఈ కమానుల రహస్యం వింటిని చూస్తే తెలుస్తుంది. కమానుపై బరువు మోపితే దాని రెండు కొనలు బయటికి జరగాలని చూస్తాయి. కొండల మధ్య కమాను కడితే ఆ త్రోపును కొండలే భరిస్తాయి. నది నడుమ నిలిచిన స్తంభానికి ఆ శక్తి లేదు. అందువలన వింటి రెండు కొనలను నారి బిగించి ఉంచినట్లు, కమాను రెండు కొనలను రైలు నడిచే అడుగుభాగమే లాగి పట్టి ఉంచుతుంది. ఆ అడుగుభాగాన్ని కమాను నుండి దిగిన నిలువు కడ్డీలు మోస్తాయి. త్రోపు, లాగుడు ఒకదానినొకటి సరిపెట్టుకొనగా స్తంభానికి నిలువు భారం మాత్రమే మిగులుతుంది. ఈ కమానుల వరుసే నేడు రాజమహేంద్రవరానికి గుర్తుగా నిలిచింది.

ఏది మిగిలింది, ఏది నమ్మదగింది?

ప్రక్కన కట్టే అవకాశం ఎల్లప్పుడూ దొరకదు. 1964 డిసెంబరు 22 రాత్రి రామేశ్వర ద్వీపాన్ని తాకిన తుపానులో ధనుష్కోటికి వెళ్ళే పాసింజరు రైలు కొట్టుకొనిపోయింది. 1914 నాటి పాంబన్ వంతెనలోని గర్డర్లు అనేకం సముద్రంలో పడిపోయాయి. స్తంభాలు చాలవరకు నిలిచాయి, ఓడలకు దారి ఇచ్చే తెరుపు భాగం కూడా నిలిచింది. పునరుద్ధరణకు రైల్వే ఆరు నెలల గడువు విధించగా, పై అధికారి దానిని మూడు నెలలకు కుదించారు. ఆ బాధ్యత వహించిన యువ ఇంజనీరు ఇ. శ్రీధరన్ సముద్రగర్భం నుండి గర్డర్లను వెలికి తీయించి, తిరిగి స్తంభాలపైకి ఎక్కించి, 46 రోజులలో పని పూర్తిచేశారు. మిగిలిన దానిలో నమ్మదగినదేదో సరిగా నిర్ణయించడం వలననే అంత వేగం సాధ్యమైంది. ఆ వంతెన మరి 58 సంవత్సరాలు పనిచేసింది. 2022 డిసెంబరులో దానిపై రైళ్ళు ఆగిపోయాయి. ప్రక్కనే నిర్మించిన కొత్త వంతెన 2025 ఏప్రిల్ 6న ప్రారంభింపబడింది. అందులో ఓడలు వచ్చినప్పుడు 72.5 మీటర్ల భాగం నిలువుగా పైకి లేస్తుంది.

దీనికి భిన్నమైన ఉదాహరణ అమెరికాలో ఉన్నది. పెన్సిల్వేనియా రాష్ట్రంలోని కింజువా లోయపై 1882లో ఇనుప ట్రెసిల్ వంతెన ఒకటి కట్టారు. దాని ఎత్తు 301 అడుగులు. రైళ్ళ బరువు పెరిగినందున 1900లో, అంటే మన హేవ్‌లాక్ వంతెన పూర్తయిన సంవత్సరంలోనే, దానిని ఉక్కుతో తిరిగి నిర్మించారు. పైనున్న చట్రాలన్నీ కొత్తవి. కాని వాటిని పునాదులకు బిగించిన బోల్టులలో 1882 నాటివి అట్లాగే ఉంచారు. ఒక శతాబ్దం గడచింది. 2002లో పరీక్షలు జరిపిన ఇంజనీర్లు వంతెన సురక్షితం కాదని మూసివేయించారు. మరమ్మతులు సాగుతూ ఉండగానే 2003 జూలై 21న వచ్చిన సుడిగాలి దాని 20 గోపురాలలో 11ను నేలకూల్చింది. తుప్పు పట్టిన పునాది బోల్టులే ఇందుకు ముఖ్య కారణమని తరువాతి విచారణలో తేలింది. కూలిన భాగాన్ని మరల కట్టలేదు. మిగిలిన గోపురాలను పటిష్ఠపరచి, 2011లో వాటిపై సందర్శకులు నడిచే బాట ఏర్పాటు చేశారు. కూలిన ఇనుమును లోయలో పడిన చోటనే ఉంచారు. వచ్చినవారు పైనుండి దానిని చూస్తారు.

పాంబన్‌లో పాత గర్డర్లను నమ్మారు, ఆ నమ్మకం నిలిచింది. కింజువాలో పాత బోల్టులను నమ్మారు, అది నిలువలేదు. వయసు ఒక్కటే దీనిని నిర్ణయించదు. పరీక్షించి నమ్మడం వేరు, కంటికి కనబడలేదు గనుక వదలివేయడం వేరు.

హేవ్‌లాక్ వంతెన భవిష్యత్తు

ఇక మన పాత వంతెన సంగతి. 1997 తరువాత దానిని ఇనుము కింద అమ్మివేయవచ్చుననే ఆలోచన వచ్చినప్పుడు రాజమహేంద్రవర పౌరులు వ్యతిరేకించారు. దానిని పర్యాటక ఆకర్షణగా మలచాలన్న ప్రతిపాదనలు పలుమార్లు వచ్చాయి. 2025 జూన్‌లో శంకుస్థాపన జరిగిన అఖండ గోదావరి పథకంలో ఈ వంతెన అభివృద్ధి కూడా చేరింది.

ఉభయ పక్షాల వాదనలలోను సత్యమున్నది. పట్టాలు లేని వంతెనకు ఆదాయం లేదు. సుమారు మూడు కిలోమీటర్ల ఇనుముకు ఎప్పటికప్పుడు రంగు వేయాలి, స్తంభాల అడుగున కోతను గమనించాలి. ఈ ఖర్చు ఎవరిదో తేలకపోతే నిలిపి ఉంచిన వంతెన క్రమంగా అపాయకరమవుతుంది. మరొక ప్రక్క, అమ్మివేస్తే వచ్చేది ఒకసారి ధనం మాత్రమే. యంత్ర సాధనాలు నేటంతగా లేని రోజులలో, మూడు సంవత్సరాలకు లోపుననే, గోదావరి వంటి నదిని జయించిన శ్రమకు మిగిలిన సాక్ష్యం ఆ స్తంభాలే. నీటిలోకి దిగి ఇసుక తోడిన కూలీల పేర్లు ఏ శిలాఫలకంపైనా చెక్కబడలేదు. వారు కట్టినది చెరిగిపోతే వారి జ్ఞాపకం కూడా చెరిగిపోతుంది.

అందువలన వంతెనను ఉంచడమే సమంజసమని తోస్తుంది. అయితే ఒక నియమం పాటించాలి. రైలుకు బదులు మనుషులు నడవబోతున్నారు గనుక భారం తక్కువే కదా అని తొందరపడరాదు. దీపాలు, తోటలు, ఫలహారశాలలు తరువాతి మాట. ముందుగా నీటి అడుగున పునాదులను, రివెట్ల సందులను, స్తంభంపై గర్డరు ఆనే చోటులను పరీక్షింపజేయాలి. సురక్షితమని తేలిన స్పాన్లను మాత్రమే ప్రజలకు తెరవాలి. తక్కినవాటిని దూరం నుండి చూడనిస్తే చాలు. ఆ పరీక్షల నివేదికలను ఇంజనీరింగు కళాశాలలకు అందజేస్తే, పాత వంతెన మన విద్యార్థులకు మంచి పాఠ్యగ్రంథమవుతుంది. రాజమహేంద్రవరంలో నిలబడి ఒకే చూపులో మూడు తరాల శాస్త్రాన్ని చదువుకొనవచ్చును: రాతి స్తంభాలపై 1900 నాటి దూలాలు, 1974 నాటి రెండంతస్తుల ఉక్కు ట్రస్, 1997 నాటి కాంక్రీటు కమాను.

న్యూ టౌన్‌లోని మెట్రో స్తంభాలు నేడు కొత్తవి. వాటికీ ఒకనాడు వయసు మీరుతుంది. నాటి ఇంజనీరు ముందు ఇదే ప్రశ్న నిలుస్తుంది: ఇందులో దేనిని నమ్మవచ్చును? ఆయనకు సమాధానం సులభంగా దొరకాలంటే, ఏ స్తంభం క్రింద ఏ నేల ఉన్నది, ఏ సంవత్సరం ఏ మరమ్మతు జరిగింది అనే లెక్కలను నేటి నుండే శ్రద్ధగా వ్రాసి భద్రపరచాలి. కిటికీ నుండి గోదావరికి నమస్కరించే ప్రయాణికుడు తన క్రింద ఉన్న పునాదిని ఎన్నడూ చూడడు. అతని తరఫున దానిని చూచే బాధ్యత ఇంజనీర్లది, వారిని ఆ పని చేయనివ్వవలసిన బాధ్యత ప్రభుత్వాలది.